మెట్ల మీద నాన్న

పాపకు ఫిట్స్ ఎప్పుడూ తెల్లవారుజామునే వస్తున్నాయి. "నిద్ర మధ్యలో చెడితే అలా రావచ్చు. ఆ వేళకి ఇంట్లో చప్పుడేమైనా అవుతుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

తండ్రి తలదించుకున్నాడు. బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, ఆ వేళకి కిర్రుమంటూ తలుపు తీసుకుని వచ్చేది తనే.

మర్నాటి నుంచి బాగా తెల్లారేదాకా సొంతింటి మెట్ల మీద దొంగలా నక్కి కూర్చున్నాడు. దగ్గొస్తే నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

అయినా ఫిట్స్ తగ్గలేదు.

ఓ తెల్లవారుజామున కిటికీ రెక్క తెరుచుకుంది.

"ఏవండీ," అంది భార్య. "పాప రోజూ మీకోసం చీకటితోనే లేచి, తలుపుకి ఆనుకుని కూర్చుంటోంది. మీరు రాలేదంటే పడుకోనంటోంది. వచ్చారంటే రేపూ ఇలాగే లేస్తుంది. ఏం చెప్పమంటారు?"