తల్లి తల ఎత్తలేదు

గట్టు మీద మగ ఎలుగు కనిపించేసరికి ఫొటోగ్రాఫరు కెమెరా నొక్కడం మరిచిపోయాడు.

కింద, పడిపోయిన మాను దగ్గర, తల్లి గట్టు వైపు వీపు పెట్టి మట్టి తవ్వుతోంది. పిల్లలు రెండూ ఆ గుంటలో మూతులు దూర్చి చీమల గుడ్లు నాకుతున్నాయి. ఇవతల పొదల చాటున కట్టిన గుడ్డ గుడారంలో, కెమెరా వెనక, అతను ఒక్కడే.

పెళ్లిళ్లలో వందమందిని అరిచి అదిలించి వరసగా నిలబెట్టిన మనిషి. ఇక్కడ మాత్రం నోటికి తాళం. దిక్కులేని ఎలుగులను చేరదీసే, తన భార్య పనిచేసే ఆ కేంద్రంలో డాక్టరమ్మ మొదటిరోజే తేల్చి చెప్పింది.

"పిల్లలు మనిషి గొంతుకు అలవాటు పడితే రేపు ఇళ్ల మీదికి వస్తాయి. వస్తే కాల్చేస్తారు. వాటి చెవిన ఒక్క మాట పడినా నేను అడవిలోకి వదలను. ఇక జన్మంతా బోనే."

వదిలే రోజు దగ్గరపడింది. పిల్లలు సొంతంగా తిండి వెతుక్కుంటున్నాయని చూపించే ఫొటోలు తీస్తే చాలు.

మగది నాలుగడుగులు దిగింది. ఎలుగు బుసకొట్టి నేలను చరిచిందంటే భయపడిందని అర్థం. ఆ సంగతి అతను ఇక్కడే నేర్చుకున్నాడు. ఇది బుసకొట్టలేదు. తల వంచి, చెవులు వెనక్కి పెట్టి, చప్పుడు లేకుండా వస్తోంది. పిల్లలను చంపడానికి వచ్చే మగది అలాగే వస్తుంది. అడ్డొస్తే ఎవరినీ వదలదు.

గాలి గట్టు వైపునుంచే వీస్తోంది. పిల్లలు మూతులెత్తి వాసన పట్టాయి. తల్లి మాత్రం తల ఎత్తలేదు. కేంద్రంలో అందరూ తల్లి అనే పిలుస్తారు. పిల్లలంటే అంత ప్రాణం. మొండితనమూ అంతే. ఈ గట్టు కింద మంచిది కాదని ఎవరెంత మొత్తుకున్నా వినే రకం కాదు.

అతను పుల్ల విరిచాడు. కెమెరా పెట్టెను మెల్లగా తట్టాడు. తల్లి తవ్వుతూనే ఉంది. అతనికి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

అరిస్తే పిల్లల బతుకు బోనుపాలు. అరవకపోతే ఏమవుతుందో ఆలోచించే లోపే మగది పరుగందుకుంది.

అతను అరిచాడు. గొంతు చీరుకుపోయేలా అరిచాడు.

మగది బెదిరిపోయి, వచ్చిన దారినే గట్టెక్కి పొదల్లో పడి మాయమైంది. పిల్లలు పక్కనున్న చెట్టు చిటారుకు ఎగబాకాయి.

అప్పుడు తిరిగింది తల్లి. గట్టు వైపు కాదు, గుడారం వైపు. తిన్నగా వచ్చేసింది. అతను కదల్లేదు. నల్లటి పంజా ఒకటి గుడారం గుడ్డను పక్కకు లాగింది.

"ఇన్ని నెలలు ఈ బొచ్చు తోలు తొడుక్కుని పాకింది ఇందుకేనాండీ, మీ నోటితో అంతా పాడుచేశారే" అని ఎలుగు మూతి లోపలినుంచి గుసగుసగా కసిరింది అతని భార్య.