కొండ మీద పందిరి

"మండపం ఇక్కడే వెయ్యండి. వచ్చినవాళ్లకి లోయంతా కనబడాలి" అని నాన్న డెకరేషన్ అతనికి చూపిస్తున్నాడు.

పెళ్లికూతురు కంచె పట్టుకుని నిలబడింది. ఆ పార్కుకు ఉన్నది ఒకటే రోడ్డు. గేటు దగ్గర బాబాయి కారు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ కొండ మీదే పెళ్లి చేద్దామని అన్నది నువ్వేగా అమ్మా?" అందామె. "నేను ప్రేమించినవాడి దగ్గరికి పారిపోకుండానేగా?"

అమ్మ దగ్గరికొచ్చి కొంగు సర్దుతున్నట్టు వంగింది.

"నీళ్ల ట్యాంకు వెనక కాలిబాట ఉంది. మొన్న పార్కు చూసొస్తానని వచ్చి కిందిదాకా దిగి చూశాను. ఆ అబ్బాయికి కబురు పెట్టాను. కింద బండితో ఉన్నాడు."

కూతురు ట్యాంకు వైపు చూసింది.

"నీ హీల్స్ విప్పేసి, నా చెప్పులేసుకో."

"నువ్వూ వచ్చెయ్యమ్మా!"

"ఇద్దరం కనబడకపోతే వెంటనే వెతుకుతారే. నువ్వెళ్లు."

ట్యాంకు పక్కనుంచి కూతురు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. అమ్మ వట్టి కాళ్లతో గడ్డి మీద నడిచి నాన్నకు ఎదురుగా నిలబడింది.

"మండపం ఇక్కడ బాగోదండీ" అంది గట్టిగా.

నాన్న చూపిస్తున్న చెయ్యి దించి ఆవిడ వైపు చూశాడు. పెళ్లయినప్పటినుంచీ ఆవిడ ఆయన మాట కాదనడం అదే మొదలు.