నోరు విప్పని మనిషి

కల్యాణి పిండి పిసుకుతోంది. ఆ ముద్దలో సగం పిజ్జాలకు, సగం పడవ రొట్టెలకు. టర్కీ వాళ్ళు ఆ రొట్టెను పీదే అంటారని ఆమె భర్త యుగంధర్ బోర్డు మీద రాయించాడు గానీ, ఎవరూ పట్టించుకోలేదు. రెండు కొసలూ మొనదేల్చి, నడుమ కైమా నింపి పెడితే అచ్చం నాటు పడవలా ఉంటుంది. దీవిలోని ఈ షాదీపూర్ పేటలో దానికి పడవ రొట్టె అనే పేరే స్థిరపడిపోయింది.

విహార ఓడల వంటగదుల్లో ఇటలీ వాళ్ళ కిందా టర్కీ వాళ్ళ కిందా పనిచేసి వచ్చి, యుగంధర్ ఇంటి ముందు గదినే కేఫ్ చేశాడు. ఇటుకల పొయ్యి తనే కట్టుకున్నాడు. పొద్దున రాజేస్తే చాలు, లోపలి రాతిపలక మధ్యాహ్నం దాకా నిప్పులా ఉంటుంది.

అతను పొయ్యి ముందు వంగి కట్టెలు సర్దుతుండగా వీపు మీద పడవ తెడ్డు పడింది.

నూకన్న. వెంట ఇంకో ఇద్దరు. ముగ్గురూ చేపల పడవల మీద పోయేవాళ్ళే.

“నా పెళ్ళాం ఏదిరా?”

నూకన్న భార్య కళ ఈ కేఫ్‌లోనే ఉల్లిపాయలు తరిగేది. నిన్న పనిలోంచి ఇంటికి చేరలేదు. దొరికిందంటే నరికి సముద్రంలో పారేస్తానని నూకన్న వీధివీధికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. ఊరికే అనే రకం కాదు. వాడు విరిచిన కళ ఎడమ చెయ్యి అతుక్కున్నది ఈమధ్యే.

“నాకు తెలీదు నూకన్నా,” అన్నాడు యుగంధర్.

రెండో దెబ్బ భుజం మీద పడింది. అతను బల్ల మీదికి తూలాడు. ఆలివ్ కాయల సీసా కింద పడి పగిలింది. కాఫీ తాగుతున్న భూషణం మాస్టారు కప్పు వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు.

“పోయిన నెల నడివీధిలోన నా పెళ్ళాన్ని నాను కొడతంటే అడ్డమొచ్చి నా సెయ్యి పట్టుకున్నావు. ఆడదాన్ని కొట్టకు భయ్యా అని నీతులు సెప్పినావు. ఇపుడు తెల్దా? రొట్టెలోన సుట్టి పొయ్యిలో దాసినావేటి?”

వెంట వచ్చినవాడొకడు కిసుక్కున నవ్వాడు. “అన్నా, ఇయ్యాల వైజాగ్ ఓడుంది. ఓ పాలి జెట్టీ కాడ సూద్దుమా?”

“ఎలగెక్కుతాదిరా బేవకూఫ్? దాని ఐలాండర్ కార్డు నా జేబులో ఉంది. అది సూపిత్తేనే దీవోళ్ళకి తక్కువ రేటు టికెట్టు. కార్డు నేకండా మనోళ్ళు ఎవులు ఎక్కినారు ఓడ? ఊళ్ళోనే ఉంది. ఈడే దాసినాడు.”

ఇద్దరూ యుగంధర్‌ను చెరో రెక్కా పట్టి పొయ్యి దగ్గరికి ఈడ్చారు. నూకన్న అతని కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.

“ఈ సేత్తోనే కదా నా సెయ్యి పట్టుకున్నావు. బోల్. కళ ఏది?”

“అమ్మతోడు, తెలీదు.”

కల్యాణి మోచేతుల దాకా పిండితో నిలబడి ఉంది. ఆ చెయ్యి పోతే కేఫ్ లేదు. కళ దొరికితే కళ లేదు.

“దీదీ,” నూకన్న ఆమె వైపు తిరిగాడు. “నీతోటి నాకు గొడవ నేదు. నీ మొగుడి సేత నిజం సెప్పించు. సెయ్యి ఒగ్గేస్తాను.”

కల్యాణి పొయ్యి వైపు చూసింది. తర్వాత నేల వైపు.

“ఆయన చెప్పరు,” అంది.

యుగంధర్ చప్పున తలెత్తి ఆమెను చూశాడు. “కల్యాణీ...” అన్నాడు.

మిగతా మాట కేకలో కలిసిపోయింది. నూకన్న అరచేతిని రాతిపలకకు అదిమాడు. తోలు కాలిన వాసన గదంతా నిండింది. ఎత్తాడు. అడిగాడు. మళ్ళీ అదిమాడు. తెలీదు, తెలీదు అని యుగంధర్ గొంతు చిరిగిపోయేలా అరిచాడు. కల్యాణి రెండు చేతులూ పిండిలో గుచ్చి, కళ్ళు మూసుకుంది.

హాడో రేవు వైపు నుంచి ఓడ కూత వినబడింది. పొడుగ్గా, ఒక్కసారి.

అప్పటిదాకా బొమ్మలా ఉన్న కల్యాణి కదిలింది. పొయ్యిలోకి రొట్టెలు తోసే పొడవాటి చెక్క గరిటె అందుకుని నూకన్న ముఖం మీద కొట్టింది. ముక్కులోంచి నెత్తురు చిమ్మింది. ఇంకోటి చెవి కింద. ఇంకోటి మోకాలి మీద. మాస్టారు పోగేసుకొచ్చిన వీధి జనం లోపలికి తోసుకొచ్చేసరికి, మిగతా ఇద్దరూ నూకన్నను లాక్కుని పారిపోయారు.

“మనిషంటే నువ్వయ్యా,” భూషణం మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. “చెయ్యి కాలిపోతున్నా ఆ పిల్ల ఆచూకీ చెప్పలేదు.”

“మా ఆయనైతే తెడ్డు చూడగానే ఇంటి నంబరుతో సహా చెప్పేసేవాడు,” అంది పక్కింటి ప్రమీల.

ఆసుపత్రికి ఆటో పిలవడానికి అందరూ బయటికి వెళ్ళారు. కల్యాణి అతని చేతికి తడిగుడ్డ చుట్టింది.

“కళ ఆ ఓడలోనే వెళ్ళిపోయిందండీ, పూర్తి రేటు పెట్టి టికెట్టు నేనే కొన్నాను,” అని ఆమె అతని చెవిలో చెప్పేదాకా ఆ సంగతే తెలియని యుగంధర్, కాలిన చేతిని ఆమె చేతుల్లోంచి లాక్కుని, ఒక్క మాటైనా అనకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు.