పిచ్చమ్మ మోటారు

సుభానీ సుత్తి పైకెత్తాడు.

"ఆగవయ్యా, అది నా మోటారు!"

కూతురు నడుపుతున్న బండి ఆగీ ఆగకముందే పిచ్చమ్మ దూకి, ప్రత్తిపాడు పాత ఇనుం కొట్టులోకి పరుగెత్తుకొచ్చింది. చెప్పు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది.

"మీ ఆయనే పొద్దున అమ్మిపోయాడక్కా. తిరుగుతోంది గాని నీళ్ళు ఎక్కట్లేదు, పాడైందన్నాడు. పగలగొట్టి రాగి తీగ లాగుదామని కూర్చున్నా" అన్నాడు సుభానీ.

"ఆ మనిషికేం తెలుసు? పూతమీదున్న మిరపచేను వాడిపోతోంది. ఇయ్యాళ తడి పెట్టకపోతే ఈ ఏడు కాయ మాట మర్చిపోవాలి. నీ డబ్బు నీకు పారేస్తా, దాన్ని ఆటోలోకెత్తు."

కరెంటు పని చదువుతున్న కూతురు జాస్మిన్ అసలు సంగతి చెప్పింది. మొన్న చేల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు. అప్పుడు మూడు వైర్లలో రెండు అటూ ఇటూ అయ్యాయి. అందుకే మోటారు వెనక్కి తిరుగుతోంది. వెనక్కి తిరిగితే నీళ్ళు ఎక్కవు.

"అంతేనా?"

"అంతే మామయ్యా. ఆ రెండూ మార్చి కలిపితే చాలు."

వాగు గట్టు మీద మోటారు మళ్ళీ బిగించారు. మార్కు అనే పిచ్చమ్మ మొగుడు నమ్మకం లేని మొహంతో దూరంగా నిలబడ్డాడు. జాస్మిన్ స్టార్టర్ డబ్బా తెరిచి, రెండు వైర్లు మార్చి కలిపి, మీట నొక్కింది. గొట్టం ఒక్కసారి దగ్గింది. ఆ వెంటనే నీళ్ళు భళ్ళున దూకాయి.

పిచ్చమ్మ సంతోషం పట్టలేక గొట్టం ముందే నిలబడి నిలువునా తడిసింది. మార్కు పార పుచ్చుకుని సాళ్ళలోకి పరుగు తీశాడు. ఊరికే చూడలేక సుభానీ కూడా లుంగీ ఎగ్గట్టి బురదలోకి దిగాడు.

"అమ్మా, ఆ వైర్లు ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి జాస్మిన్ కాలేజీకి వెళ్ళిపోయింది.

నాలుగు సాళ్ళు తడిశాయో లేదో కరెంటు పోయింది. అరగంటకు వచ్చింది. పిచ్చమ్మ మీట నొక్కింది. మోటారు గిర్రున తిరిగింది. గొట్టంలోంచి చెంబెడు నీళ్ళు కారి ఆగిపోయాయి.

ఆపి మళ్ళీ నొక్కింది. ఊహూఁ. జాస్మిన్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"నే చెప్పలా? దాని పని అయిపోయింది" అన్నాడు మార్కు.

పిచ్చమ్మకు ఏడుపు ఆగలేదు. ఇంత ఆశపెట్టి మోసం చేసిన ఆ ఇనుప ముద్ద మీద ఒళ్ళు మండిపోయింది.

"తీసుకుపో సుభానీ. ఆ డబ్బుతో అద్దె ఇంజనన్నా తెచ్చుకుంటాం."

ఈసారి సుభానీ ఆలస్యం చెయ్యలేదు. ఎత్తి మోసే శ్రమెందుకని ఆటోలోంచి సుత్తి తెచ్చి గట్టు మీదే నాలుగు దెబ్బలేశాడు. మోటారు పగిలింది. లోపలి రాగి తీగ చుట్టలు చుట్టలుగా బయటికొచ్చింది.

అప్పుడే లైన్‌మన్ అనిల్ కుమార్ హుషారుగా గట్టెక్కాడు.

"పిన్నీ, మొన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వైర్లు తారుమారు చేసింది నేనే. ఇందాక కరెంటు ఆపి సరిచేశా. ఇక వెయ్యండి మోటారు."