అచ్చయిన చెయ్యి

మా కాలనీ వర్క్‌షాప్‌లో నేను కర్రపని నేర్పుతాను. నేర్చుకుంటామని వచ్చేవాళ్లకి ఉలి పట్టుకుంటే చేతులు నొప్పి, కరెంటు రంపం చప్పుడు వింటే తలనొప్పి. అందరూ పోయి ఆ త్రీడీ ప్రింటర్ ముందు నోళ్లు వెళ్లబెట్టుకుని కూర్చుంటారు. ప్లాస్టిక్ తీగని కరిగించి పొర మీద పొర పోస్తే అదీ ఒక పనితనమేనట!

ఆ రోజు మధ్యాహ్నం కంప్యూటర్ నేర్పే అమ్మాయి నా కుడిచెయ్యి స్కాన్ చేసి ఆ ప్రింటర్‌లో అచ్చుకి పెట్టింది. రాత్రి అందరూ వెళ్లిపోయాక నేను తాళాలు వెయ్యబోతుంటే అది ఇంకా అచ్చవుతూనే ఉంది. మణికట్టు, అరచెయ్యి అయిపోయి వేళ్లు పైకి లేస్తున్నాయి. కాసేపటికి మెషీను కుయ్‌మని ఆగిపోయింది. చూపుడువేలు సగమే ఉంది.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి దులిపేశాను. "ముప్పై ఏళ్లు రంపం పట్టినా నా పది వేళ్లూ పదిలంగా ఉన్నాయమ్మా. నీ మెషీనుకి అయిదు దాకా లెక్క కూడా రాదా?"

"మధ్యలో ఆగిపోతే వేళ్లన్నీ ఒకే ఎత్తులో ఆగాలి కదా మేస్త్రిగారూ," అంది. "మిగతావి పూర్తిగా వచ్చాయా?"

వచ్చాయి, గోళ్లతో సహా. చూపుడువేలు మాత్రం రంపం ఆనించి కోసినట్టు నున్నగా ఉంది.

అప్పుడే వెనక గదిలో కరెంటు రంపం తిరగడం మొదలైంది. వీళ్లకి ఆన్ చెయ్యడమే తప్ప ఆపడం చేతకాదని తిట్టుకుంటూ వెళ్లాను. గదిలో లైటు వెలగలేదు. ఏం ఫరవాలేదు, రంపం స్విచ్చు నాకు కళ్లు మూసుకున్నా అందుతుంది.

కుడిచెయ్యి చాపాను.