పడవ పందేల సంఘం చరిత్ర

"'సాగర్ నీళ్లు దాటి, మేం ఆరుగురు అమ్మాయిలం తెడ్లు వేసుకుంటూ బడికి వచ్చేవాళ్లం. మూడేళ్లలో ఒక్కరోజూ గంట మోగాక చేరలేదు. ఆ వేగమే మన సంఘానికి పునాది.'"

హైస్కూల్ పడవ పందేల సంఘం చరిత్ర రాసి, పైకి చదువుతోంది త్రివేణి టీచర్. వింటున్న పాత అటెండర్ గులాం నబీ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"తప్పుందా చాచా? జల్ది చెప్పు, ప్రెస్సోళ్లు ఆగుతలేరు."

"గా ఎదురుగాలికి టైముకెట్లొస్తరు బిడ్డా? మీ పడవ ఒడ్డుకు తగిలినంకనే నేను గంట కొడుతుంటి."

"పెద్దసారు తిట్టకపోతుండెనా?"

"రోజూ తిడుతుండె. గడియారం లేటున్నది సారూ అంటుంటి."

ఫోన్ మోగింది. త్రివేణి ఎత్తలేదు. 'ఆ వేగమే' అన్న మాటలు కొట్టేసి, పైన 'గులాం నబీ గంటే' అని రాసింది.