ఒంటిగంట అప్‌డేట్

మురళీమోహన్ కువైట్ నుంచి వచ్చేసి ఏడాదైంది. ఉద్యోగం మాత్రం ఇంకా అక్కడే ఉంది. అమలాపురంలో ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లో ఆ కంపెనీ లెక్కలు చూస్తాడు. అన్నం కూడా దాని ముందే, ఎడంచేత్తో మౌస్ తిప్పుకుంటూ.

“పనసపొట్టు కూర ఎలా ఉందండీ?” అని భార్య సాయిదుర్గ అడిగితే, “ఆయ్, పంపించేనండి” అన్నాడు ఒకరోజు.

అంతే, పట్టుచీరల కింద పడి ఉన్న తన బీయస్సీ కంప్యూటర్స్ పట్టా గుర్తొచ్చింది ఆమెకి. కంప్యూటర్‌కి పనులు పురమాయించే షెల్ స్క్రిప్ట్ ప్రాక్టికల్‌లో లెక్చరర్‌గారు జాలిపడి పాస్ చేశారు. అయినా ధైర్యం చేసి, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో నాలుగు లైన్లు రాసి పెట్టింది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి అప్‌డేట్లు దించుకోవాలి, ఆగి మళ్ళీ మొదలవ్వాలి.

ఆ రోజు ఒంటిగంటకి ఏమీ కాలేదు. ‘జాలిపడ్డమే లెక్చరర్‌గారి తప్పు’ అనుకుంది.

మర్నాడు మాత్రం ఒంటిగంట అయ్యేసరికి మురళీమోహన్ వంటింట్లో ఉన్నాడు.

“వెధవ అప్‌డేట్! అరగంట పడుతుందంట. వడ్డించెయ్.”

కూరలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పాడు. ఆమెకి అది సన్మానపత్రంలా వినిపించింది.

ఇక రోజూ అంతే. పైగా కాఫీ వేళకి ఇంకోసారి ఆగేది. ఒకటి రాస్తే రెండు చేస్తోందని సాయిదుర్గ మురిసిపోయింది.

“అన్నయ్యగారు పిలవకుండానే అన్నానికి వచ్చేస్తున్నారంట! ఏం మందు పెట్టేవు వదినా?” అంది పక్కింటి లక్ష్మీతులసి.

“ఆయనకి కాదు, లాప్‌టాప్‌కి పెట్టేను. బీయస్సీ ఊరికే చదివేననుకున్నావా?”

“నువ్వు బీయస్సీయా!”

ఓ రోజు కాఫీ పట్టుకెళ్తుంటే గదిలోంచి మేనేజర్‌తో ఆయన మాటలు వినిపించాయి.

“మీటింగ్ మధ్యలో ఆగిపోయిందండీ... ఆయ్... ఇంకోసారి జరిగితే నేను ఉద్యోగం మానేసినట్టేనండి.”

సాయిదుర్గ కాఫీ గుమ్మం దగ్గరే పెట్టేసి వంటింట్లోకి వచ్చేసింది.

మర్నాడు భోజనాల దగ్గర చెప్పేసింది.

“ఏవండీ, ఆ అప్‌డేట్ పెట్టింది నేనేనండి. ఇలాగైనా కూర్చుని తింటారని. వచ్చిన నాలుగు ముక్కలతో మీ ఉద్యోగానికే ఎసరు పెట్టేను. ఇప్పుడే తీసేస్తాను. రేపట్నుంచి కంచం అక్కడికే తెస్తాలెండి.”

మురళీమోహన్ తాపీగా మజ్జిగ పోసుకున్నాడు.

“నువ్వు ఒంటిగంటకని రాసింది కాఫీ వేళకి నడుస్తోందే దుర్గా, ఈ లాప్‌టాప్ గడియారం ఇంకా కువైట్ టైములోనే ఉంది, అది తీసెయ్, ఒంటిగంటకి ఆపుతున్నది నేనే.”